అరవై ఒకటో కారు

కారు లేదు. కారు వెనక సీట్లో పడుకున్న పెద్దావిడా లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర. బజారు మధ్యలోని ఆటోమేటిక్ పార్కింగ్ టవర్ ముందు జనం మూగారు. అక్కడి పద్ధతి ఒకటే. గేటు దగ్గర కారు అప్పగిస్తే అటెండెంట్ దాన్ని లిఫ్టు మీద పెడతాడు. ఏ స్లాట్‌లో ఉంచాలో కంప్యూటర్ చూసుకుంటుంది. టోకెన్ చూపిస్తే తిరిగి తెచ్చిస్తుంది. ఈసారి తేలేదు. "కారు దొరకలేదు" అంటోంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పీక్కుతింటున్నారు.

"అమ్మ నీతో దిగిందనుకున్నానే!"

"కార్లోనే పడుకుంటానంది కదన్నయ్యా. నీ చెవికెక్కితేగా? ఫోన్‌లో మునిగిపోయావు."

"ఆవిడ ఫోనేది?" ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చింది.

చెల్లెలు తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి చూపించింది. చూపిస్తూనే ఏడ్చేసింది.

"ఆరోగ్యం?"

"ఆయాసం, మేడమ్. మందు వేసుకుంటే మత్తుగా నిద్రపోతుంది. శాలువా కప్పుకొని పడుకుంది."

"కారు ఎప్పుడు అప్పగించారు?"

"పదకొండుంపావుకి."

గంటంపావు. అద్దాలన్నీ మూసిన కారు. ఇన్‌స్పెక్టర్ కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

హెడ్ కానిస్టేబుల్ మెట్లు దిగి రొప్పుతూ వచ్చాడు. "అరవై స్లాట్లూ చూశాం మేడమ్. అరవైలోనూ కార్లున్నాయి. వీళ్లది లేదు. నా మోకాళ్లు కూడా ఎక్కడో పైనే ఉండిపోయాయి."

టవర్ యజమాని అటెండెంట్ చొక్కా పట్టుకుని ఊపుతున్నాడు. "వీడే మేడమ్! లిఫ్టు దగ్గర వీడు తప్ప పురుగు కూడా లేదు. వెనక గేటు నుంచి దాటించేశాడు. స్టేషన్‌కి తీసుకెళ్లండి, నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు."

అటెండెంట్ నలభై దాటిన మనిషి. "నా పిల్లల మీద ఒట్టు. లిఫ్టు మీద పెట్టాను, బటన్ నొక్కాను. అంతే."

"వెనక సీటు చూడలేదా?"

"క్యూలో వాళ్లంతా హారన్లు మోగిస్తుంటే ఏం చూస్తాను మేడమ్?"

"లిఫ్టు ఎటు వెళ్లింది?"

"షట్టర్ పడిపోతుంది. తర్వాత అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి."

"చొక్కా వదలండి," అని యజమానికి చెప్పి, ఆమె కంట్రోల్ రూమ్‌లోకి నడిచింది. ప్రోగ్రామ్ రాసిన ఇంజనీర్ స్క్రీన్ ముందు గోళ్లు కొరుక్కుంటున్నాడు. స్క్రీన్ పై మూల రెండు అంకెలు. స్లాట్లు: 60. కార్లు: 61.

"ఇదేంటి?"

"చిన్న లెక్క తేడా మేడమ్. రీస్టార్ట్ చేస్తే పోతుంది."

"చెయ్యి వేశావంటే ఊరుకోను." ఆమె వంగి చూసింది. డిగ్రీలో ప్రోగ్రామింగే చదివి, ఉద్యోగం దొరక్క పోలీసు పరీక్ష రాసిన మనిషి. "అటెండెంట్ బయటి నుంచే కారు దాటిస్తే లెక్క అరవై దగ్గరే ఆగాలి. లోపలి నుంచి దొంగిలిస్తే ఒక స్లాట్ ఖాళీగా ఉండాలి. రెండూ కాదు. మీ కంప్యూటర్ అరవై ఒకటో కారును తీసుకుంది. టవర్ నిండిపోతే ఏం చేస్తుంది?"

"ఖాళీ వెతికే ఫంక్షన్ మైనస్ వన్ ఇస్తుంది. చోటు లేదని అర్థం. బయట ఫుల్ బోర్డు వెలుగుతుంది. అప్పుడు అటెండెంట్ కార్లు తీసుకోడు."

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. బోర్డు నల్లగా ఉంది.

"బోర్డు వెలగలేదేం?" అని అటెండెంట్‌ను అడిగింది.

"సార్ పోయినవారం వైరు పీకించారు మేడమ్. ఫుల్ అని చూస్తే పక్క టవర్‌కి పోతున్నారని. లిఫ్టు మీద పెట్టేస్తూ ఉండు, ఈలోపు ఎవడో ఒకడు తీసేస్తాడులే అన్నారు."

"నోర్ముయ్!" యజమాని అరిచాడు.

"మీరే ముయ్యండి," అంది ఇన్‌స్పెక్టర్. ఇంజనీర్ వైపు తిరిగింది. "ఒకటో స్లాట్ కింద ఏముంది?"

"రిపేర్ల గది. ఏళ్లుగా తాళం. కానీ లిఫ్టు అక్కడికి పోదు మేడమ్. ఒకటికి తక్కువ నంబరు నా ప్రోగ్రామ్ ఒప్పుకోదు. ఇందాక మీవాళ్లకీ చూపించాను." పైనున్న ఒక కారును ఎంచుకుని, దాని స్లాట్‌ను మైనస్ వన్‌గా మార్చబోయాడు. స్క్రీన్ ఎర్రబడింది. చెల్లని నంబరు.

"అది ఉన్న కారును మార్చడం. లిఫ్టు కరెంటు ఆపి, కంప్యూటర్ లెక్కలో మైనస్ వన్‌తో కొత్త కారును పుట్టించు."

"రెండూ ఒకటే కదా..."

"చెయ్యవయ్యా!"

అతను టైప్ చేశాడు. ఎరుపు రాలేదు. స్క్రీన్ చప్పుడు లేకుండా మారింది. కార్లు: 62.

ఇంజనీర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికే ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద ఉంది.

కింద ఇనుప తలుపు. తాళం చెవి ఎక్కడుందో యజమానికే తెలియదు. హెడ్ కానిస్టేబుల్ ఇనుప రాడ్ ఎత్తాడు. దెబ్బ దెబ్బకీ మధ్య ఆమె మాట్లాడింది. వెనకాల అన్నాచెల్లెళ్లు, యజమాని, అటెండెంట్, ఇంజనీర్.

"కారు లోపలికి రాగానే ప్రోగ్రామ్‌లో దానికో ఆబ్జెక్ట్, అంటే ఒక రికార్డు, పుడుతుంది. దాన్ని పుట్టించేది కన్‌స్ట్రక్టర్. నంబరు మార్చే చోట నువ్వు కాపలా పెట్టావు. పుట్టే చోట పెట్టలేదు. మైనస్ వన్ ఇస్తే అలాగే మింగేసింది. లిఫ్టు దాన్ని స్లాట్ నంబరే అనుకుని కిందికి దిగింది. వెతికేటప్పుడేమో కంప్యూటర్ ఒకటి నుంచి అరవై దాకానే చూసింది."

"ఆ నంబరిచ్చే ఫంక్షనూ నేనే రాశాను మేడమ్," ఇంజనీర్ ఒప్పుకున్నాడు. "నాదే కదా, తప్పు నంబరు పంపదులే అనుకున్నాను."

తాళం ఊడిపడింది.

చీకట్లో టార్చి వెలుగు కారు మీద పడింది. రాడ్ దెబ్బకి అద్దం పగిలింది. శాలువా కింద పెద్దావిడ చెంపలు పాలిపోయి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఒక క్షణం ఏమీ తగల్లేదు. తర్వాత, సన్నగా, వెచ్చగా.

"ఉంది! ఎత్తండి!"

అందరికంటే ముందు చేతులు చాచింది అటెండెంట్. ఆవిడను మెట్ల మీదుగా పైకి తెచ్చింది అతనే. అంబులెన్స్‌లో ఆక్సిజన్ పెట్టాక ఆవిడ కళ్లు తెరిచి కొడుకును చూసింది. "ఏరా, మీ బజారు పని ఇంకా అవలేదూ?"

కొడుకు అటెండెంట్ ముందు తలెత్తలేకపోయాడు. చెల్లెలు అతనికి చేతులు జోడించింది.

"మీరు జీపెక్కండి," యజమానితో అంది ఇన్‌స్పెక్టర్.

ఇంజనీర్ మెట్ల మీద కూలబడి, ఒళ్లో లాప్‌టాప్ తెరిచాడు. "మేడమ్, కన్‌స్ట్రక్టర్‌లో చెక్ పెడుతున్నాను. తప్పు నంబరొస్తే హెచ్చరిక చూపించి పోనివ్వనా?"

ఆమె కదిలిపోతున్న అంబులెన్స్ వైపు చూసింది.

"పుట్టనివ్వకు."