మూడో జోడీ

పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ హెడ్ నర్సు మొదటిసారి వారం రోజులు సెలవు పెట్టింది. పెళ్ళికో, పురుడుకో కాదు. డాన్సు నేర్చుకోవడానికి. అదీ అర్జెంటీనా టాంగో! వార్డులో తెలిస్తే ఏడాదంతా నవ్వుతారని, సెలవు కాగితం మీద మాత్రం ‘నడుం నొప్పి’ అని రాసిచ్చింది.

అసలు మోజు ఆమెది కాదు, చెల్లెలిది. చెల్లెలు ఫోటో స్టూడియోలో పాత ఫోటోలు బాగుచేసే పని చేస్తుంది. భర్త పోయి ఏడాదిన్నరైంది. అప్పట్నుంచీ ఎవరేం అడిగినా ఊఁ, ఉఁహూఁ తప్ప మాట లేదు. అలాంటిది ఒకరోజు ఏదో ప్రకటన చూసి, "అక్కా, ఆరు రోజుల్లో నేర్పుతారట, వెళ్దామా?" అంది. ఇన్నాళ్ళకు నోరు విప్పి ఒకటి అడిగింది కదా, కాదనడానికి అక్కకు మనసొప్పలేదు.

సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వచ్చేపోయేవాళ్ళ కాలం అయిపోయి సగం లాడ్జీలకు తాళాలు పడ్డాయి. మూతబడ్డ సామాన్ల కొట్టు పైన పొడుగాటి హాలు. ఎండకి చెక్క నేల వంకర తిరుగుతుందని కిటికీలన్నీ బిగించేశారు. సాయంత్రం నాలుగింటికే లోపల మసక చీకటి, రెండు బల్బులు, నేలకు రాసిన మైనం వాసన. ఓ మూల పాత రికార్డు ప్లేయరు.

నేర్పే మాస్టారు డెబ్బై దాటినవాడు. మోకాళ్ళు అరిగిపోయి ఆడటం మానేశాడు. రికార్డు పక్కన నిలబడి నోటితోనే చెప్తాడు. నేర్చుకునేవాళ్ళు అయిదుగురే. అక్కాచెల్లెళ్ళు, పళ్ళ డాక్టరు, ఆయన భార్య, ఒక లారీ డ్రైవరు. అంటే ఆడవాళ్ళు ముగ్గురు, మగవాళ్ళు ఇద్దరు.

"మగవాళ్ళు ముందుకి నడిపిస్తారు, ఆడవాళ్ళు వెనక్కి నడుస్తారు" అన్నాడు మాస్టారు. "నడిపించేవాళ్ళు నేల మీంచి చూపు ఎత్తకూడదు. వెనక్కి నడిచేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. ప్రతి పాటకీ జోడీలు మారతాయి. మిగిలిపోయినావిడ గోడ దగ్గర నిలబడి పాట వినాలి. ఆవిడ కూడా కళ్ళు తెరవకూడదు."

"నేనెందుకు మూసుకోవాలి? నేను ఆడటం లేదుగా?" అంది అక్క.

"మూసుకోండమ్మా" అన్నాడాయన, రికార్డు తుడుస్తూ.

ఆ మాట ఆమెకు నచ్చలేదు. డాన్సూ అబ్బలేదు. నిండు బిందె ఎత్తుకున్నట్టు నడుస్తున్నారని మాస్టారు విసుక్కున్నాడు. చెల్లెలు మాత్రం చేప నీళ్ళలో పడ్డట్టే ఉంది. మూడో రోజు లాడ్జి గదిలో జడ విప్పుకుంటూ, "అక్కా, ఆ మూడో ఆయన ఎంత బాగా ఆడతాడో!" అంది.

"మూడో ఆయన ఎవరే? ఉన్నది ఇద్దరేగా."

"డాక్టరుగారి చెయ్యి మెత్తగా సబ్బు వాసనొస్తుంది. డ్రైవరుది గరుకు. ఈయనది పొడిగా, చల్లగా ఉంటుంది. జాకెట్టు మీంచి కూడా చల్లదనం తెలుస్తుంది."

"నువ్వు గోడ దగ్గర నిలబడే పాట ఒకటి ఉంటుంది కదా?"

చెల్లెలు వింతగా చూసింది. "నేనెప్పుడూ నిలబడలేదక్కా. నువ్వు నిలబడుతున్నావా?"

అక్కకు నిద్ర పట్టలేదు. తను గోడ దగ్గర నిలబడ్డ పాటల్లో ఒక్కరూ దగ్గరికి రాలేదు. దెయ్యాల మాట ఆమె ఊహకే రాలేదు. మాస్టారి మీదే అనుమానం. మోకాళ్ళ నొప్పి వట్టి నాటకమేమో. భర్త పోయి దిగులుతో ఉన్న పిల్ల, పైగా కళ్ళు మూసుకుని... ముసలాడి వేషాలు బయటపెట్టాల్సిందే అనుకుంది.

నాలుగో రోజు కళ్ళు సగం తెరిచి చూడబోయింది. "అమ్మా..." అని మూలనుంచి మాస్టారు హెచ్చరించాడు. అంత మసకలో ఆయనకెలా కనిపించిందో! అయిదో రోజు అందరికంటే ముందే వచ్చి హాలంతా వెతికింది. ఒకటే తలుపు, ఒకటే మెట్లదారి. పక్కన చిన్న గది ఉందిగానీ దాని నిండా ఒకదానిమీదొకటి పేర్చిన కుర్చీలు. వాటిమీది దుమ్ము మీద ఈగ వాలిన గుర్తు కూడా లేదు.

ఆరో రోజు వాన పట్టుకుంది. చెల్లెలు గోడ వైపు నడుస్తుంటే అక్క ఆమె మోచెయ్యి పట్టి ఆపింది.

"ఈ పాటకి నేను నిలబడతాను. నువ్వు డ్రైవరుతో ఆడు."

చెల్లెలి మొహం చిన్నబోయింది. అక్క పట్టించుకోలేదు. గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. రికార్డు గరగరమంది. పాట మొదలైంది.

ముందు వాసన వచ్చింది. ఏళ్ళుగా తెరవని బీరువా వాసన, కలరా ఉండల వాసన. తర్వాత ఆమె కుడిచేతిని ఓ చెయ్యి అందుకుంది. ఇంకో చెయ్యి గోడకీ ఆమె వీపుకీ మధ్యకి వచ్చింది.

అక్కడ చెయ్యి పట్టేంత సందు లేదు.

దొరికావు, అనుకుంది. పాట అవనీ, నీ సంగతి చెప్తా... కానీ ఆమె కాళ్ళు అప్పటికే కదిలాయి. ఆరు రోజులుగా తడబడిన కాళ్ళు ఒక్కసారి కూడా తప్పలేదు. వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి. ఛాతీకి ఛాతీ ఆనుకుని ఉంది. ఇంత బాగా ఆడుతున్నానా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడు ఆమె వార్డులో చేసే పని మనసులో మొదలైంది. రోజూ నలభై మంది రోగుల ఊపిరి లెక్కపెట్టే మనిషి. ఎవరు దగ్గరకొచ్చినా లెక్క దానంతటదే సాగుతుంది.

ఆ ఛాతీ లేవలేదు.

బిగపట్టాడనుకుంది. పాట తాళానికి లెక్కపెట్టింది. పది... ఇరవై... అరవై... ఛాతీ లేవలేదు. దిగలేదు. తొంభై... వంద...

"లెక్కపెట్టకు."

చెవి పక్కనే వినిపించింది. గుసగుస. కానీ చెవికి ఊపిరి తగల్లేదు.

ఆమె కళ్ళు తెరిచింది.

హాలు మధ్యలో ఉంది. అటు డాక్టరూ ఆయన భార్యా. ఇటు డ్రైవరుతో చెల్లెలు. మూలన మాస్టారు... వద్దు, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె ఎదురుగా ఎవరూ లేరు. గాల్లోకి లేచిన కుడిచెయ్యి దింపబోయింది. దిగలేదు. వీపు మీద అయిదు వేళ్ళు... ఒక్కొక్కటీ... బిగుసుకున్నాయి.

మాస్టారు చప్పున రికార్డు మీంచి సూది లాగేశాడు. పాట ఆగింది. చెయ్యి దిగింది.

మిగతావాళ్ళు కంగారుగా చూస్తుంటే ఆమె మాస్టారిని మెట్ల దగ్గరకు లాక్కెళ్ళింది.

"ఎవరది?"

"ఎందుకు తెరిచావమ్మా..." అన్నాడు ముసలాయన, రహస్యంగా. "కళ్ళు మూసుకున్నవాళ్ళని పాట అయిపోగానే వదిలేస్తాడు."

"తెరిస్తే?"

ఆయన చేతులు జోడించి లోపలికి వెళ్ళి, అందరినీ పంపేసి గడియ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే రైలెక్కారు. చెల్లెలికి ఆమె ఏమీ చెప్పలేదు. అయినా ఆ ప్రయాణం చెల్లెలికి మేలే చేసింది. మళ్ళీ నవ్వుతోంది, ఫోన్లో గంటలకొద్దీ కబుర్లు చెప్తోంది. దాన్ని కాపాడుకున్నానని అక్క తృప్తిపడింది. పీడకలలు కూడా రాలేదు.

నెల తర్వాత ఆస్పత్రిలో కొత్త యూనిఫాంలు ఇచ్చారు. వేసుకుని మూడు రోజులైందో లేదో, లాండ్రీ ఆవిడ మూడింటినీ చేతిలో పట్టుకుని వార్డుకే వచ్చింది.

"సిస్టరమ్మా, ఇవి కొత్తవే కదా? అప్పుడే ఇలా అరిగాయేంటి?"

ఒకటి విప్పి కిటికీ వెలుతురుకి పట్టింది. వెనక నడుం దగ్గర బట్ట పల్చబడి అవతలి కిటికీ కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి ఒకే చోట చెయ్యి ఆన్చినట్టు, అరచెయ్యీ అయిదు వేళ్ళూ.

"ఇది సోమవారం వేసుకున్నది" అంది లాండ్రీ ఆవిడ. "మంగళవారందానికి ఇదిగో, భుజాల మధ్య."

నర్సు మూడోదాన్ని తనే తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. వీపంతా బాగానే ఉంది. హమ్మయ్య అనుకోబోయింది.

"అక్కడ కాదమ్మా" అంది ఆవిడ. "కాలరు చూడండి."

మెడ వెనక నాలుగు వేళ్ళ మేర బట్ట అరిగిపోయింది. బొటనవేలి గుర్తు ఒక్కటే ముందువైపుకి, గొంతు మీదికి వచ్చి ఉంది.