దీప దింపిన విమానం

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను కాస్త అవతల పెట్టు. భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లలో ఒక పిల్ల విమానాన్ని నేలకు దింపిన ముచ్చట చెబుతాను. విమానం ఉత్తుత్తిదే అనుకో. దానిమీద వేలాడిన బతుకు మాత్రం నిజమైనది.

పిల్ల పేరు దీప. వాళ్ళది మహబూబాబాద్ పక్క తండా. తండ్రి లచ్చిరాంకు బొగ్గు గనిలో డంపర్ నడిపే పని దొరికి ఇక్కడికి వచ్చారు. డంపర్ అంటే మామూలు లారీ కాదు, దాని చక్రమే మనిషికన్నా ఎత్తు. దీప డిగ్రీ పూర్తిచేసి, పైలట్లను తయారుచేసే సంస్థ ఒకదానికి దరఖాస్తు పెట్టింది. హైదరాబాదుకు పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చింది. లచ్చిరాం ఒక పూటంతా ఆలోచించి నోరు విప్పాడు.

"నాకు బండి ఇచ్చేటప్పుడు ముందుగాల నడిపి చూపెట్టుమన్నరు. నువ్వు గూడ చూపెట్టు. కంప్యూటర్ల విమానం ఆట ఉంటదట గద? వచ్చే ఐతారం నా కండ్ల ముంగట దింపు. దింపితే పరీక్షకు పో. లేకుంటే బీఎడ్ ఫారం నింపు. మల్ల ఈ ముచ్చట ఇంట్ల తేవద్దు."

"దింపుత బాపు," అంది దీప. అప్పటికి ఆమె ఆ ఆటను కళ్ళతో చూసింది కూడా లేదు!

ఇంట్లో కంప్యూటర్ ఉంది. దీప ఆరో తరగతిలో ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండులో కొన్నది. మరునాడు దాని పెట్టెను యూరియా సంచిలో చుట్టి, స్కూటీ ముందు పెట్టుకుని, వానలో తడుస్తూ బజారులోని రిపేరు షాపుకు పోయింది.

షాపు రాజేందర్‌ది. దేవరుప్పుల నుంచి వచ్చి ఏడాది అయింది. సంచి విప్పి చూసి నవ్వాడు.

"గిదేంది మేడం? పాత ఇనుపోల్ల దుకాణం అవతలి సందుల ఉన్నది."

"అన్నా, నేను అమ్మనీకి రాలే. దీంట్ల విమానం ఆట నడవాలె. ఐతారం లోపట."

"దీంట్ల విమానమా? ఎడ్లబండి ఆట గూడ నడవది!"

"నీకు రాదని చెప్పన్నా. చేతగానోడు వస్తువును తిట్టుడు నాకు తెల్వంది కాదు."

రాజేందర్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ పిల్ల జడ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళలో మాత్రం నిప్పులు. అతనికి ఎందుకో సంచి తిరిగి కట్టబుద్ధి కాలేదు.

"పెట్టిపో," అన్నాడు.

దీప పోలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుంది. అతను పెట్టె తెరిస్తే లోపల బొగ్గు దుమ్ము అరచెయ్యి మందాన పేరుకుని ఉంది. బ్లోయర్ పెట్టి ఊదితే ఇద్దరి ముఖాలూ నల్లబడ్డాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు. కొత్త ఆట దానికి మోయలేని బరువని, ఇరవై ఏళ్ళ కిందటి డిస్కు ఒకటి వెతికి తీశాడు. మెమరీ పెంచాడు. అయినా విమానం ముసలి ఎద్దులాగా అడుగుకోసారి ఆగింది.

"మబ్బులు తీసేస్తున్న," అన్నాడు. కాస్త కదిలింది. "చెట్లు తీసేస్తున్న. నీడలు తీసేస్తున్న."

"అన్నీ తీస్తే ఇగ ఏం మిగులుతదన్నా?"

"ఆకాశం, భూమి, నువ్వు. సాలదా?"

దీప ఓరగా చూసింది. "రిపేరుకొచ్చినోల్లందరికి గిట్లనే చెప్తవా?"

"లే. మిగిలినోల్లు ప్రింటర్లు తెస్తరు. ఇంకో మాట, గంట సంది అన్నా అన్నా అంటున్నవ్. నాకు రాజేందర్ అని పేరున్నది."

ఊపిరి పోసుకున్నట్టు తెర మీద విమానం లేచింది. దీప అరిచిన అరుపుకు ఎదుటి టీ కొట్టువాడు తొంగిచూశాడు.

అయితే బిడ్డా, ఇంటికి తెచ్చాక కథ అడ్డం తిరిగింది. పావుగంట నడిచేది, దింపే సమయానికి తెర నల్లబడి పెట్టె చచ్చిపోయేది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. దీప ఫోను తీసింది.

"మోసం చేసినవ్ రాజేందర్!"

"నా దగ్గర మూడు గంటలు నడిచింది. ఆడరాక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ కథ!"

"ఏమన్నవ్? వచ్చి చూసి అను!"

అతను వచ్చాడు, శనివారం పొద్దున, తడిసి ముద్దై. వచ్చి టేబుల్ కిందికి వంగి, అట్లాగే ఉండిపోయాడు.

పెట్టెకు చొక్కా తొడిగి ఉంది! దీప తల్లి మంగ్లీ, చెల్పూరు కరెంటు ప్లాంటు గాలికి, గని గాలికి దుమ్ము పడకూడదని, తమ తండా పనితనంతో ఎర్రగుడ్డ మీద అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టిన గలీబు. బటన్‌కు మాత్రం ముందు ఒక కన్నం వదిలింది. వెనక ఫ్యాను ముక్కు పూర్తిగా మూసుకుపోయి, పెట్టె పెనంలా కాలుతోంది.

మంగ్లీ మురిపెంగా అడిగింది. "ఎట్లున్నది బిడ్డా? రెండు నెలలు కుట్టిన. పెట్టె బాగై రాంగనే తొడిగిన."

రాజేందర్ లేచి నిలబడ్డాడు. "మస్తున్నదమ్మా. తప్పు నాదే, ఫ్యాను సక్కగ బిగియ్యలే. ఇంత మంచి పని టేబుల్ కింద ఉంటె ఎవరు చూస్తరు? గోడకు కట్టుండ్రి, అద్దాలు మెరుస్తయ్."

మంగ్లీ సంబరంగా విప్పి పట్టుకుపోయింది. దీప చెయ్యి పెట్టె మీద పడి చురుక్కుమంది. అప్పుడు అర్థమయింది ఆమెకు. మెట్ల దాకా వెంటవచ్చింది.

"తప్పు నీది కాదు గద. ఎందుకు మీదేసుకున్నవ్?"

"నేను మాట పడితె ఒక్క పూటల మర్సిపోత. మీ అమ్మ నొచ్చుకుంటె మల్ల సూది పట్టది."

బయట వాన దంచుతోంది. దీప లోపలికి పోయి గొడుగు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"రేపు రా," అంది. "నేను దింపుతుంటె నువ్వు ఉండాలె."

ఆదివారం వచ్చింది. లచ్చిరాం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కింటి రామ్మోహన్ పిలవకుండానే వచ్చి టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరింట్లో ఏం జరిగినా అతనికి ఒక మాట అనాలి. రాజేందర్ గోడకు ఆనుకుని ఉన్నాడు.

విమానం లేచింది, తిరిగింది, నేలవైపు వంగింది. రన్‌వే పెద్దదవుతోంది. చివరి ఘడియలో దీప ఆటకు తగిలించిన జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాగింది. విమానం దిగకుండానే పైకి పోయింది.

రామ్మోహన్ పకపకా నవ్వాడు. "అయిపాయె! నేను చెప్పలేదా లచ్చిరాం? ఆడపిల్లకు విమానమెందుకయ్యా!"

దీప తల తిప్పలేదు. "కాకా, ఇంక అయిపోలే. నీ ఛాయ్ సల్లారుతది, తాగు."

లచ్చిరాం ముందుకు వంగాడు. "ఎందుకు లేపినవ్?"

"స్పీడెక్కువున్నది బాపు. దిగితె రన్‌వే సాలది."

దీప చుట్టూ తిప్పి తెచ్చింది. ఈసారి నెమ్మదిగా, గుడ్డు మీద కోడి కూర్చున్నట్టు వంచింది. చక్రాలు తగిలాయి, రెండుసార్లు ఎగిరాయి, నిలబడ్డాయి. మంగ్లీ చప్పట్లు కొట్టింది.

"రెండోసారికి గద దింపింది!" అన్నాడు రామ్మోహన్.

"నాకు మొదటిదే నచ్చింది," అన్నాడు లచ్చిరాం. "లోడు బండి దిగుడుల ఉన్నప్పుడు, నలుగురు చూస్తున్నరని మొండిగ పోయినోల్లను నేను చూసిన. బోల్తపడ్డరు. నవ్వినా పరవాలేదని ఆగెటోనికే బండి ఇయ్యాలె. బిడ్డా, బ్యాగు సదురుకో."

రామ్మోహన్‌కు ఇంకా నోరు ఊరుకోలేదు. "సరే గని, ఈ రిపేరు పిలగాడు నిన్న, ఇయ్యాల వస్తుండెందుకో? నలుగురు ఏమనుకుంటరు?"

దీప కుర్చీ తిప్పి లేచింది.

"నేను రమ్మన్న గనుక వస్తుండు. నాకు అతనంటె ఇష్టం. అతనికి ఇష్టమో కాదో ఇంక అడగలే. నలుగురు ఉన్నరు గద, నలుగురి ముంగట్నే అడుగుత. రాజేందర్, ఇష్టమేనా?"

రాజేందర్ ముఖం పండు మిరపకాయ అయింది. "మొదటి దినమే... అంటే... ఆ! ఇష్టమే!"

మంగ్లీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లచ్చిరాం గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల పరీక్ష. అది అయినంక మీ అమ్మనాయినలను తోలుకరా పిలగా. కూసుండి మాట్లాడుకుందాం. రామ్మోహన్, నలుగురికి నువ్వే చెప్పు. నాకు తిరుగుడు తప్పుతది."

మంగళవారం పొద్దున దీప బస్సెక్కింది. బ్యాగు తండ్రి మోశాడు. జనగామ దాకా తోడు వస్తానన్న రాజేందర్‌ను, "షాపు తెరువు పో," అని దబాయించి, బస్సు కదిలాక మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

ఈ ముచ్చట మరిచిపోకు బిడ్డా. ఏ ఆడపిల్లనైనా నీకెందుకే అని ఎవరన్నా అంటే, కూర్చోబెట్టి చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం, దీప మొదటిసారి దింపలేకపోయింది అనకు. అప్పుడు దింపకూడదని తానే అనుకుంది అని చెప్పు.