తిట్లు ఆగిన రోజు

ఆ ఇంట్లో ఉదయం కుట్టుమిషను చప్పుడూ, అత్తగారి తిట్లూ కలిసే మొదలవుతాయి. ఆ రోజూ అంతే.

"చంక దగ్గర ఈ కుట్టేమిటే, తాగినవాడి నడకలా ఉంది! విప్పు."

"పెళ్ళయినప్పటినుంచీ విప్పుతూనే ఉన్నాను అత్తయ్యా," అంటూ కోడలు నవ్వింది.

"విప్పడం బాగానే వచ్చింది. ఇక కుట్టడం నేర్చుకో."

ఆ మాట అంటూనే మిషను దగ్గర్నుంచి లేచిన అత్తగారు, నేల మీది శాటిన్ ముక్క మీద కాలు వేసి జారింది. మళ్ళీ లేవలేకపోయింది.

తుంటి ఎముక విరిగిందన్నారు ఆసుపత్రిలో. ఆపరేషన్ మర్నాడు. మత్తు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"ఏం లేదు."

"గజ్జ దగ్గర నరాల చుట్టూ మందు వేస్తే హాయిగా ఉంటుంది. స్పృహ పోదు. ఆ కాలు మాత్రం కాస్త మొద్దుబారుతుంది."

"వద్దు. నాకేం నొప్పి లేదని చెప్పానుగా."

"అమ్మే వద్దంటోంది, వదిలేయండి డాక్టరుగారూ," అన్నాడు కొడుకు.

కోడలు అత్తగారినే చూస్తోంది. దుప్పటి అంచు ఆవిడ పిడికిట్లో నలిగిపోతోంది. ఇందాక స్ట్రెచర్ తలుపుకి కొట్టుకున్నా ఆవిడ ఏమీ అనలేదు. కంగారులో కొడుకు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొస్తే, చూసి కూడా ఊరుకుంది.

"అబద్ధం డాక్టరుగారూ! అత్తయ్యకి చాలా నొప్పిగా ఉంది."

"నీకెలా తెలుసు?" అన్నాడు భర్త.

"పడ్డప్పటినుంచీ నన్ను ఒక్క మాట అనలేదండీ!"

"అమ్మ మాట కాదని నీ మాట వినమంటావా?"

"మీ అమ్మ మాటలు రోజూ పడేది నేను. అందులో ఏది నిజమో నాకు తెలియదా?"

అత్తగారి కళ్ళలో నీళ్ళు నిండాయి.

"కాలు మొద్దుబారి అలాగే ఉండిపోతే, మిషను ఎలా తొక్కనే?" అంది, చిన్నపిల్లలా.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "మందు పనిచేసినంతసేపే అమ్మా ఆ తిమ్మిరి. దిగిపోయాక కాలు మళ్ళీ మామూలే. సాధారణంగా ఇబ్బందేమీ ఉండదు. ఏదైనా తేడాగా ఉంటే మేం ఇక్కడే ఉంటాం."

అత్తగారు రెండో చెయ్యి చాపి, "సరే, వెయ్యనీ. ఇలా రావే, చెయ్యి పట్టుకో," అంది కోడలితో.

డాక్టరమ్మ చిన్న తెర మీద నరం జాడ చూసుకుంటూ సూది వేసింది. కొంతసేపటికి పిడికిట్లోని దుప్పటి దానంతటదే జారిపోయింది. అత్తగారు గట్టిగా ఊపిరి పీల్చి చుట్టూ చూసింది.

"ఒరేయ్, ఆ గుండీలేమిట్రా, కళ్ళు మూసుకుని పెట్టుకున్నావా? డాక్టరమ్మా, నీ కోటు భుజం దగ్గర కుట్టు ఊడింది, ఎవరూ చెప్పలేదా? నువ్వేమిటే, ఆ జుట్టేమిటి? దువ్వెన దొరకలేదా?"

కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆపరేషన్ అయ్యి తిమ్మిరి దిగాక, పాదం పైకీ కిందికీ ఆడించమంది నర్సు.

"ఇదీ నేర్పాలా నాకు?" అంటూ ఆవిడ దుప్పటి కింద మిషను తొక్కినట్టే పాదం ఆడించింది. ఆ పాదాన్నే చూస్తూ ఆగి, మెల్లగా అడిగింది.

"ఆ శాటిన్ ముక్కలు ఊడ్చావా?"

"లేదు అత్తయ్యా."

"నాకు తెలుసు!" అని మొదలుపెట్టింది ఆవిడ.

కోడలు కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని కూర్చుంది.