ఉన్ని షెడ్డులో గొంతు

పొద్దు వాలాక ఆ షెడ్డు వైపు ఎవరూ వెళ్లరు.

సరస్సు దక్షిణపు ఒడ్డున, ఊరు దాటాక, నీటి బుగ్గకు పోయే దారిలో ఉంటుంది. సమష్టి వ్యవసాయం రోజుల్లో గొర్రెల ఉన్ని అందులో కత్తిరించేవాళ్లు. ఇప్పుడు రేకులు తుప్పుపట్టి, తలుపు ఊడిపోయి... లోపల ఒట్టి చీకటి. ఉన్ని కత్తిరించే ఒకామె పురిటి నొప్పులతో అక్కడే పోయిందంటారు. పుట్టని బిడ్డకు ఇప్పటికీ జోల పాడుతుందంటారు. కథ అందరికీ తెలుసు. ఆమె పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు.

చలికాలంలో వీధి కుళాయి గడ్డకడుతుంది. అప్పుడు నీళ్లకు బుగ్గ దాకా పోవాలి. ఊరి కోడళ్లు షెడ్డు దారిన పోకుండా వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతారు. ఎంత ఆలస్యమైనా అత్తలు ఏమీ అనరు. ఏడాది పొడుగునా కోడలికి తిట్లు పడని ఆలస్యం అదొక్కటే.

ఈ కథ విన్నప్పుడల్లా సెజిమ్‌కు ఒళ్లు మండేది. ఆ పిల్ల రాజధాని బిష్కెక్‌లో చదువుతోంది. లావుపాటి పుస్తకాలు చదివి రాత్రంతా వాదించుకునే స్నేహితులున్నారు. సెలవులకు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ టీ తాగే చోటల్లా ఉపన్యాసమే. మూఢనమ్మకం కంటికి కనపడని సంకెల అంది. చచ్చిన ఆడదాని పాటకు వణికే ఊరు, బతికున్న ఆడదాని మౌనానికి ఎందుకు వణకదని నిలదీసింది.

నిలదీస్తూనే ఖాళీ గిన్నె చాచింది. టీ నీళ్లు మరిగే సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్న వదిన కనిషాయ్ దాన్ని అందుకుని, సగానికి టీ పోసి తిరిగిచ్చింది. నిండా పోయకూడదు. నిండా పోస్తే ఇక లేచి వెళ్లమన్నట్టు. అందుకని సగం సగం పోస్తూ, అందరి దాహం తీరేదాకా కోడలు అక్కడే ఉండాలి.

"మా అమ్మాయి దెయ్యాలకు కూడా యూనియన్ పెట్టిస్తుంది," అని తండ్రి నవ్వాడు.

ఆ నవ్వుతో సెజిమ్‌కు పంతం పెరిగింది. మర్నాడు సాయంత్రం షెడ్డులోకి వెళ్లి ఫోన్‌లో వీడియో తీస్తానని, ఊరందరికీ పంపి ఈ దెయ్యం పీడ వదిలిస్తానని శపథం చేసింది. కనిషాయ్ చేతిలో కెటిల్ క్షణం సేపు ఆగింది. భయపడింది పాపం, అనుకుంది సెజిమ్.

మర్నాడు బయలుదేరేముందు హెడ్‌ఫోన్ల కోసం దిండు కింద వెతికింది. లేవు. ఇల్లంతా వెతికింది. ఎక్కడా లేవు. చికాకేసింది. అవి చెవుల మీదికి ఎక్కితే చాలు, ఇరుకు మినీబస్సులో కూడా తలలోపల ఒక గది తెరుచుకుంటుంది. పక్కవాడి మోచేయి, డ్రైవరు అరుపులు, అన్నీ ఎక్కడికో జరిగిపోతాయి. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తనొక్కదాని కోసమే అన్నట్టుంటుంది. ఆ కాసేపు ఎవరికీ కూతురు కాదు, ఎవరికీ చెల్లెలు కాదు.

సరే, అవి లేకుండానే నడిచింది. అప్పటికే చీకటి పడింది. మంచు మీద తన అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వినిపించింది.

ఆడగొంతు. రేకుల కింద నుంచి... తోడుగా వాయిద్యం లేదు, ఏమీ లేదు. ఒక చరణం సగం పాడి, తెగినట్టు ఆగిపోయింది. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎక్కడో మధ్యలో నుంచి, గట్టిగా, శ్రుతి తప్పి మళ్లీ ఎత్తుకుంది. మనుషులెవరూ అలా పాడరు. మధ్యలో దడ్... దడ్... మడమతో నేలను తన్నుతున్న చప్పుడు.

సెజిమ్ చదివిన పుస్తకాలన్నీ ఆ క్షణంలో ఆవిరైపోయాయి. వెనక్కి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తితే నాన్న నవ్వుతాడు. ఆ కోపమే ముందుకు నెట్టింది. ఫోన్ ఎత్తి, లైటు వేసి, గుమ్మంలో నిలబడింది.

మూలన బోర్లించిన డబ్బా మీద ఒక మనిషి. తలగుడ్డ మెడ మీదికి జారి ఉంది. కళ్లు మూసుకుంది. పెదాల మీద నవ్వు. చెవుల మీద సెజిమ్ హెడ్‌ఫోన్లు. పక్కన బండి, నిండా నీళ్ల బిందె.

కనిషాయ్ వదిన.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక వదిన ముఖం అలా వెలగడం సెజిమ్ ఒక్కసారీ చూడలేదు.

లైటు తగిలి కనిషాయ్ ఉలిక్కిపడింది. హెడ్‌ఫోన్లు లాగేసింది. వాటిలోంచి కొముజ్ వాయిద్యం తీగల మోత సన్నగా కారింది... పాట ఆగిన చోటల్లా నడిచింది అదే.

"రోజూ చార్జింగ్ పెట్టి అక్కడే పెట్టేస్తున్నా సెజిమ్. అత్తయ్యకు చెప్పకు."

"ఇంట్లో వినొచ్చు కదా వదినా?"

"చెవులు మూసుకుని కూర్చుంటే పిలుపెవరు వింటారు?"

కనిషాయ్ తలగుడ్డ సర్దుకుంటూ గుసగుసగా అంది. "వంతెన మీదుగా చుట్టు తిరిగొస్తున్నానని అనుకుంటారు. ఆ మిగిలిన కాసేపే నాది. నీకు పుణ్యముంటుంది, ఈ దెయ్యాన్ని చంపకు."

సెజిమ్ వీడియో చెరిపేసింది. హెడ్‌ఫోన్లు వదిన చేతిలోనే పెట్టి, పళ్లు కొరుకుతూ ఇంటికి నడిచింది. ఇది ఇల్లు కాదు, వెట్టిచాకిరీ కొట్టం. ఈ రాత్రి తేలిపోవాలి. దారి పొడుగునా ఉపన్యాసం సిద్ధం చేసుకుంది.

తల్లి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ బట్ట ముందు ఒక్కతే రొట్టె తుంచుతోంది.

"కనపడిందా?"

వదిన వేడుకోలు గుర్తొచ్చింది. "ఉందమ్మా. నిజంగానే ఉంది."

"ఉండక ఎక్కడికి పోతుంది," అంది తల్లి తాపీగా. "దాన్ని అక్కడ పెట్టిందే నేను."

సెజిమ్ తల్లి ఎదురుగా కూలబడింది.

"మా తమ్ముడు బజారులో చిన్న క్యాసెట్ ప్లేయరు కొనిచ్చాడు, చెవుల్లో పెట్టుకునేది. మీ నానమ్మ ఉన్న ఇంట్లో ఎక్కడ వినను? నేనూ, ఇంకో ఇద్దరు కోడళ్లూ కలిసి ఒక దెయ్యాన్ని కనిపెట్టాం. ఊరంతా నమ్మింది."

"అంటే నీకు తెలుసు! వదిన అక్కడే..."

"తెలుసు."

"తెలిసి కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నిసార్లు పిలుస్తావేంటమ్మా?"

తల్లి రొట్టె తుంచడం ఆపింది. "మీ నానమ్మ నన్ను పిలిచినన్ని సార్లు నేను ఇంకా పిలవలేదే."

వాకిట్లో బండి చక్రం కిర్రుమంది. తల్లి తల తిప్పకుండానే పిలిచింది.

"కనిషా...య్!"

సెజిమ్ చివ్వున తల్లి వైపు తిరిగింది. ఆ సాగదీత, చివర ఆ విరుపు... అది అమ్మ గొంతు కాదు. ఏళ్ల కిందట మట్టి చేసిన నానమ్మ గొంతు.

"వచ్చానత్తయ్యా."

కనిషాయ్ లోపలికొచ్చి సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ముఖం ఆరిపోయింది. సెజిమ్ గుండె మండుతోంది. దారంతా కూర్చుకున్న మొదటి వాక్యం నాలుక చివర ఉంది. ఇప్పుడే, ఈ క్షణమే అనేయాలి...

వదిన తనవైపు చెయ్యి చాచేసరికి అర్థం కాక కిందికి చూసింది.

తన చెయ్యి అప్పటికే ముందుకు చాచి ఉంది. అందులో ఖాళీ గిన్నె.