గురువారం నుంచి

గ్యాస్ వాసన కోడలికి పడగ్గదిలోకే తగిలింది. ఆరో నెల కడుపుతో గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు స్టవ్ ముందు నిలబడి అగ్గిపెట్టె వెతుక్కుంటోంది. బర్నర్ తిప్పి ఉంది, మంట లేదు.

"గీయకండి అత్తయ్యా," అంటూ కోడలు స్టవ్ కట్టేసి కిటికీ బార్లా తెరిచింది. "ఇల్లంతా గుప్పుమంటోంది. మీకు తెలియలేదా?"

"ఏదో ఆలోచనలో ఉన్నానమ్మా. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది," అంది ఆవిడ, రెండడుగులు వెనక్కి జరిగి.

మతిమరుపు కాదని ఆవిడకి తెలుసు. గురువారం పొద్దున మొహం కడుక్కుంటుంటే సబ్బుకి వాసన లేదు. కాఫీపొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టిపెళ్ల పెట్టుకున్నట్టే ఉంది. ఇవాళ మంగళవారం. ఆరు రోజులుగా ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

ఎక్కడ తగులుకుందో కూడా తెలుసు. వెనక గదిలో కుట్టుమిషను వేసుకుని ఆవిడ బట్టలు కుడుతుంది. అంతకు ముందు ఆదివారం కొలతలివ్వడానికి వచ్చిన టీచరమ్మ మాస్కు కిందికి లాగి రెండుసార్లు దగ్గింది. "దుమ్ము పడదండీ నాకు," అంది. శుక్రవారం ఆసుపత్రిలో చేర్చారని పక్కింటావిడ చెప్పింది. నిన్న మళ్లీ గోడ దగ్గరికొచ్చి, ఇక లేదని చెప్పింది. ఇంట్లోవాళ్లని చివరి చూపుకి కూడా రానివ్వలేదట.

అది విన్నాక చెప్పే ధైర్యం ఇంకా పోయింది ఆవిడకి. నడుం నొప్పి అని చెప్పి గురువారం నుంచీ వెనక గదిలోనే పడుకుంటోంది. కోడలికి ఆమడ దూరంలో మసులుతోంది. అన్నం పళ్లెం మాత్రం కొడుకు తెచ్చిపెట్టేవాడు. తిన్నంతసేపూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. వద్దనడానికి నెపం దొరకలేదు.

పది గంటలకి ఆ కొడుకే పనిలోంచి తిరిగొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. పనిముట్ల సంచీ గుమ్మం బయటే పెట్టి, లోపలికి రాకుండా చెప్పాడు.

"జ్వరం చూసి వెనక్కి పంపేశారు. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలట. ఇవాళే."



పరీక్షలు బడి ఆవరణలో పెట్టారు. పిల్లల్లేని బడి అది, తలుపులన్నిటికీ తాళాలు. రేకుల కింద ఒక్కో కుర్చీ విసిరేసినట్టు దూరదూరంగా వేశారు. యాభై మంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడుకోవట్లేదు. ఎవరైనా దగ్గితే మాత్రం తలలన్నీ అటు తిరిగి, మళ్లీ నేలకి వాలిపోతున్నాయి. ముందున్న ముసలాయన లేచి వెళ్లాక, ఆయన కుర్చీ మీద మందు కొట్టి తుడిచారు. అది చూస్తుంటే మనిషినే తుడిచేసినట్టనిపించింది ఆవిడకి.

నిలువెల్లా తెల్ల తొడుగు వేసుకున్న అమ్మాయి కాగితాలు నింపుతోంది. అద్దాలకి ఆవిరి పట్టి వెనక కళ్లు కనబడట్లేదు. గొంతుని బట్టే చిన్నపిల్లని తెలుస్తోంది.

"ఈ పది రోజుల్లో ఎవరెవర్ని కలిశారో చెప్పండి," అని అడిగింది కొడుకుని. "ఒక్కర్ని కూడా వదలొద్దు. దాస్తే వాళ్లకే ప్రమాదం."

అతను పనిచోట ఉండేవాళ్లని చెప్పాడు. తల్లినీ, భార్యనీ చెప్పాడు. తర్వాత తల్లివైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ఇంకొకరున్నారు. మొన్న ఆదివారం కలిశాను. మా నాన్న."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు ఇంకో మనిషితో కాపురం పెట్టడానికి గడప దాటి పోయినవాడు ఆయన. మిషను మీద కాళ్లు వాచేలా కుట్టి కొడుకుని పెంచింది తను.

"వయసెంత ఆయనకి? ఒక్కరే ఉంటారా?" అడిగింది అమ్మాయి.

"అరవై ఆరు. ఆయనతో ఉన్నావిడ పోయింది. ఒక్కడే."

ఆవిడ వంతు వచ్చింది. పొడుగాటి దూదిపుల్ల ముక్కులో ఎక్కడిదాకానో వెళ్లి గిర్రున తిరిగింది. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. అమ్మాయి వరసగా అడుగుతోంది. జ్వరం ఉందా? దగ్గు? వాసన తెలుస్తోందా?

"తెలుస్తోంది," అంది ఆవిడ.

ఇంటికొచ్చాక తాళం తీసేదాకా కూడా ఆవిడ ఆగలేదు.

"ఎన్నాళ్లుగా వెళ్తున్నావు?"

"ఆరు నెలలు. ఒక అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోతే వెళ్లాను. అక్కడ వాచ్‌మన్ ఆయనే. గడ్డం మీద మచ్చ చూసి నన్ను పోల్చుకున్నాడు. చొక్కా పట్టుకుని ఏడ్చాడమ్మా. చెయ్యి విదిలించుకుని రాలేకపోయాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఏమైపోతావోనని."

"ఇప్పుడేం బాగుపడ్డాను?" అంది ఆవిడ. "అప్పుడు మనల్ని నట్టేట ముంచాడు. ఇప్పుడు ఆ రోగం నీ చేత మోయించి కడుపుతో ఉన్న పిల్లకి పంపాడు. ఆయనగారి ప్రేమ ఇచ్చిన బహుమానం ఇదేనా?"

"దగ్గుతూనే ఉన్నాడు ఆదివారం," అన్నాడు కొడుకు నెమ్మదిగా. "ఎప్పుడూ ఉండే బీడీ దగ్గేలే అనుకున్నాను. తప్పు నాదే."

కోడలు మధ్యలోకి రాబోయింది. అతను చేత్తోనే దూరంగా ఉండమన్నాడు. ఆ చెయ్యి చూస్తుంటే ఆవిడకి నాలుక కొసదాకా వచ్చింది నిజం. కానీ కోపం దానికి ముందే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్లకి ఆ మనిషి మీద ఒక నేరం రుజువైంది కదా అన్న పాడు తృప్తి కూడా ఒకటి, సిగ్గులేకుండా పక్కన చేరింది.

గురువారం పరీక్షల ఫలితం ఫోనులో చెప్పారు. తల్లికీ కొడుక్కీ ఉంది. కోడలికి లేదు. కోడల్ని వాళ్ల అక్క వచ్చి తీసుకెళ్లింది. గేటుకి అడ్డంగా కర్ర కట్టి వెళ్లారు ఎవరో. వెనక గదిలో మిషను ఒక మూలకి జరిపి, తల్లీకొడుకులు రెండు మంచాలు వేసుకున్నారు. మంచి చెడ్డా మాట్లాడుకోవడం లేదు. రోజుకి నాలుగుసార్లు అంబులెన్స్ కూత వీధి మొదట్లో వినబడేది. ఎవరింటి ముందు ఆగుతుందోనని ఇద్దరూ చెవులు రిక్కించుకునేవాళ్లు.

ఆ పై మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను. మాట్లాడి పెట్టేశాక కొడుకు గోడవైపు తిరిగి చెప్పాడు.

"నాన్నకి ఆయాసం ఎక్కువై చేర్చారట. జ్వరం మాత్రం నేను వెళ్లిన నాలుగో రోజున మొదలైందట. అంటే ఆదివారం నాటికి ఆయనకి లేదు. నేనే ఇచ్చొచ్చాను." రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "ఏ లిఫ్టులో పట్టుకొచ్చానో. ఆయన్ని నా చేతులతో నేనే చంపుకున్నట్టైంది, నీకూ తెచ్చిపెట్టాను."

ముప్పై రెండేళ్ల మగాడు. జ్వరం రాత్రుల్లో తన ఒళ్లో ఏడ్చిన పసివాడిలాగే ఎక్కిళ్లు పెడుతున్నాడు. ఆవిడ ఇక ఉండలేకపోయింది.

"నువ్వు కాదురా. నేను," అంది. "నాకు గురువారం నుంచి వాసన లేదు. నువ్వు ఆయన దగ్గరికి వెళ్లడానికి మూడు రోజుల ముందు నుంచి. టీచరమ్మ నుంచి నాకు, నా నుంచి నీకు, నీ నుంచి ఆయనకి. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నన్ను ఎక్కడికో తీసుకుపోతారని భయం. తర్వాత ఆయన పేరు వినేసరికి, ఆయన మీదే ఉండనీ అనుకున్నాను."

కొడుకు తలెత్తాడు. అటు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు వైపు చూస్తూ ఆవిడ కూర్చుంది. తిడితే బాగుండుననిపించింది. కిటికీ మీది ఎండ మంచం దాటి గోడెక్కింది.

చాలాసేపటికి అతని గొంతు వినబడింది. "నీకు ఆయాసం ఏమైనా ఉందా?"

"లేదు నాన్నా."

"ఉంటే దాచకు. ఈసారి దాస్తే నేను బతకలేను."

ఆవిడ మంచం దిగి వెళ్లి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. పాదం మీద చెయ్యి వేస్తే, అతను లాక్కోలేదు. ఇద్దరూ అలాగే ఏడ్చారు.

తర్వాత ఆవిడే ఫోను అడిగి తీసుకుంది. ముందు బడిలో కాగితాలు నింపిన వాళ్లకి చేసి, తాను అబద్ధం చెప్పానని చెప్పింది. ఆ రోజుల్లో కొలతలకి వచ్చిన ముగ్గురి వివరాలూ రాయించింది. ఆ తర్వాత ఆసుపత్రికి చేసింది.

"మీరు ఆయనకి ఏమవుతారు?" అని అడిగింది నర్సు.

ఆవిడ కొడుకు వైపు చూసింది. "భార్యని," అంది.

కాసేపటికి ఫోనులో ఊపిరి వినబడింది. లోపలికి పీల్చలేక, బయటికి వదల్లేక, తెరలు తెరలుగా వస్తున్న ఊపిరి. ఆవిడ ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. ఆయనే మాట్లాడాడు, ఒక్కో మాటకీ ఆగుతూ.

"వాడు... తన వల్లేనని... కుమిలిపోతుంటాడు. కాదని... చెప్పు వాడికి."

"చెప్పేశానండీ," అంది ఆవిడ. "మీకూ చెప్పాలి. వింటూ ఉండండి, పెట్టేయకండి."