కీబోర్డు నుంచి రాని అక్షరాలు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరినీ సలహా అడగను. ఎదుటివాళ్ళ సమయం వృథా చెయ్యకూడదన్న సదుద్దేశమే తప్ప, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు. ప్రోగ్రాములు రాయడం కూడా అలాగే నేర్చుకున్నాను. గురువునీ నేనే, శిష్యుణ్ణీ నేనే. ఆ క్లాసులో ఇద్దరమూ అత్తెసరు మార్కులతో గట్టెక్కాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, అమ్మ నిన్నటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న చేసిన ఎడిటర్ తెరుచుకోవడం లేదు."

నాలుగేళ్ళ కిందట పక్షవాతం మా అక్క గొంతునీ కుడి పక్కనీ పట్టుకుపోయింది. ఎడమ పక్క కూడా బలం తగ్గి, ఆ చేతి చూపుడువేలు మాత్రం మిగిలింది. బావ ప్రోగ్రాములు రాసేవాడు. అక్షరాలు టైపు చేసుకునే ఒక మామూలు టెక్స్ట్ ఎడిటర్ తీసుకుని, దానికి అక్క కోసం ప్రత్యేకంగా ఒక విండో తయారుచేశాడు. అక్షరాలు అరచేతంత ఉంటాయి. ఏం టైపు చేసినా కంప్యూటర్ పైకి చదువుతుంది. వణికే వేలు ఒకే కీని నాలుగుసార్లు నొక్కినా ఒక్కసారిగానే లెక్క. పోయినేడు బావ పోయాడు. నిన్న కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయ్యింది, ఆ విండో కూడా పోయింది.

నేను వెళ్ళేసరికి మేనకోడలు చెప్పులేసుకుంటోంది. "ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చేస్తాను. నువ్వు చెయ్యగలవా, ఎవరినైనా పిలిపించనా?"

"నేనుండగా ఇంకొకరెందుకే?"

"అందుకే అడుగుతున్నాను మావయ్యా," అని వెళ్ళిపోయింది.

వెలుతురు అక్క కళ్ళకి పడదు. కర్టెన్లు వేసే ఉన్నాయి. గదిలో మందుల వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒక్కోచోట గొణుగుతోంది. అక్క చక్రాల కుర్చీలోంచి నన్నే చూస్తోంది. ఆ చూపులో బోలెడు తిట్లున్నాయి. బయటికి రావడానికే దారి లేదు.

బావ రాసిన కోడు తెరిచి, దాన్ని మళ్ళీ నడిచే ప్రోగ్రాముగా కట్టబోతే, ఆ మొదటి బిల్డుకే ముప్ఫై ఒక్క ఎర్రర్లు వచ్చాయి. విండోలు గీసిపెట్టే రెడీమేడ్ కోడు, అదే లైబ్రరీ, పాతది పోయి కొత్తది వచ్చింది. దాంట్లో అన్నిటి పేర్లూ మారాయి. నా పద్ధతి చాలా సులువు. అర్థమైన లైనుని దిద్దుతాను. అర్థంకాని లైను ముందు రెండు గీతలు పెట్టేస్తాను. గీతలున్న లైనుని, కోడుని ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ చదవదు. చదవని దానికి తిట్టదు. నాలుగు గంటలకి ఒకే ఒక్క ఎర్రర్ మిగిలింది. నాలుగు లైన్ల ముక్క అది. పైన బావ రాసి పెట్టుకున్న మాట ఉంది.

"కీబోర్డు నుంచి రాని అక్షరాల్ని స్క్రీన్ మీదికి రానివ్వకు. ఈ నాలుగు లైన్లూ తీయొద్దు. మొదటి వారం ఇవి లేకుండా నడిపాను. ఇక నడపను."

నవ్వొచ్చింది. కీబోర్డు నుంచి కాకపోతే అక్షరాలు ఆకాశం నుంచి ఊడిపడతాయా? అయినా పోయినవాడి మాట కదా అని ఒక గంట గింజుకున్నాను. కొత్త లైబ్రరీలో ఆ పని ఎలా చెప్పాలో నాకు అంతుపట్టలేదు. వెనక్కి తిరిగితే అక్క చెంప మీద తడి.

నాలుగు లైన్ల ముందూ గీతలు పెట్టేశాను.

బిల్డు అయ్యింది. విండో తెరుచుకుంది. అక్క వేలు కదిలింది. టక్... టక్... టక్... కంప్యూటర్లోని ఆడగొంతు చదివింది.

"ఒరేయ్ మొద్దూ. ఇంతసేపు చంపావు కదరా."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, పెద్ద ఆపరేషన్ చేసిన డాక్టరులా. "ఇంకా తిట్టవే అక్కా. బాకీ అంతా తీర్చేసుకో."

అక్క పెదవి ఒక పక్కకి నవ్వింది. అలసిపోయి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

స్క్రీన్ మీద ఇంకో అక్షరం పడింది.

టక్‌మన్న చప్పుడు లేదు.

ఇంకొకటి... ఇంకొకటి... అదే గొంతు, అదే నిదానం.

"ఎంత... ఇరుకో..."

అక్క చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఏదో కీ ఇరుక్కుని ఉంటుందనుకున్నాను. కీబోర్డు వైరు పీకేశాను. అక్షరాలు ఆగలేదు.

"నాలుగేళ్ళు..."

వైరు మళ్ళీ గుచ్చి, గుసగుసగా అడిగాను. "అక్కా... బావేమోనే?"

అక్క కళ్ళు పెద్దవయ్యాయి. వేలు వణుకుతూ లేచింది. టక్... టక్.

"కాదు."

ఆ మాట పక్కనే, చప్పుడు లేకుండా, ఇంకో మాట పడింది.

"నేను."

నేను స్విచ్చు వైపు చెయ్యి చాచాను. టక్ టక్ టక్... అక్క ఎన్నడూ అంత వేగంగా కొట్టలేదు.

"ఆపకురా. మళ్ళీ మూగదాన్ని చెయ్యకు."

"ఇది... ఎవరో ఉన్నారే ఇందులో."

"తెలుసు. చప్పుడైనవి నావి. అవే విను."

ఏం చెయ్యను? ఆ నాలుగు లైన్లు తిరిగి పెడితే బిల్డు అవ్వదు, అక్కకి మాట ఉండదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. చప్పుడైన మాటలకి జవాబు చెప్పాను. చప్పుడు లేనివి విననట్టు నటించాను. గంట గడిచేసరికి అవి తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఏడింటికి మేనకోడలు వచ్చింది. అక్క గలగలా మాట్లాడుతోంది. "వచ్చావా తల్లీ. అలసిపోయావా? నా దగ్గర కూర్చో." టక్ టక్ టక్.

"అమ్మ ఇంత వేగంగా ఎప్పుడూ మాట్లాడలేదు మావయ్యా!" అని తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది పిల్ల.

నేను అక్క వేలినే చూస్తున్నాను. వణుకు లేదు.

ముందు స్క్రీన్ మీద అక్షరం పడుతోంది. ఆ తర్వాత వేలు వెళ్ళి ఆ కీని నొక్కుతోంది. అక్క కళ్ళు మాత్రం నన్ను చూస్తున్నాయి, రెప్ప వెయ్యకుండా.

ఇది జరిగి మూడు నెలలైంది. ఆ నాలుగు లైన్లు కొత్త లైబ్రరీలో ఎలా రాయాలో నాకు ఇంకా రాలేదు.