హరిణి దిద్దిన ఉత్తరాలు

ఉప్మా అడుగంటిన వాసన హాల్లోకి వచ్చేదాకా వాసంతికి తెలియలేదు. ఆమె కళ్లు పొయ్యి పక్కన గోడకు అంటించిన నమూనా ఉత్తరం మీద ఉన్నాయి. పెదవులు ఏవో ఇంగ్లిషు వాక్యాలు గొణుగుతున్నాయి.

"పొయ్యి బంద్ చెయ్ బిడ్డా. ఆ ఉత్తరం తర్వాత చదువుదువు గని," అంది అత్తగారు భాగ్యమ్మ, హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ.

వాసంతికి నలభై ఒకటి. మలక్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా నర్సు. ఐర్లండులో ఉద్యోగం కోసం నర్సులకు పెట్టే ఇంగ్లిషు పరీక్ష రాస్తోంది. వినడం, చదవడం, మాట్లాడటం మూడూ గట్టెక్కాయి. రాత దగ్గరే రెండుసార్లు పోయింది. ఒక రోగి కేసు వివరాలు ఇస్తారు. అందులో అవసరమైనవి ఏరుకుని, ఆ రోగిని ఇకపై చూడబోయే డాక్టరుకో నర్సుకో ఉత్తరం రాయాలి. చేతిలో ఉండేది నలభై ఐదు నిమిషాలు. మూడో పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

కూతురు హరిణి స్కూలు బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. పదో తరగతి. చిన్నప్పటి నుంచి ఇంగ్లిషు మీడియమే. నాలుగు నెలలుగా తల్లి రాసిన ఉత్తరాలను ఎర్ర పెన్నుతో దిద్దుతున్నది ఆ పిల్లే.

"నిన్న రాసింది చూసినవా?" అని అడిగింది వాసంతి.

"చూసిన. నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టిన," అంది హరిణి చెప్పులు వేసుకుంటూ.

"పాలు తాగకుండనే పోతున్నవా? మీ అమ్మ ఇంత గోస పడుతున్నది నీ కోసమే గద," అంది భాగ్యమ్మ.

హరిణి పాలు తాగకుండానే వెళ్లిపోయింది. మెట్లు దిగే చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ రోజు వాసంతికి మధ్యాహ్నం డ్యూటీ. పదింటికల్లా ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. కళ్లద్దాల దుకాణం పైన మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్. సాంబమూర్తి మాస్టారు గుంటూరు వైపు మనిషి, కాలేజీలో ఇంగ్లిషు చెప్పి రిటైరయ్యాడు. అరవై మంది విద్యార్థులుండడంతో ఆయన ఒక్కొక్కరి ఉత్తరం కూర్చుని దిద్దలేడు. పైగా డ్యూటీల వల్ల వాసంతి సగం క్లాసులకు వెళ్లలేకపోయింది. అందుకే దిద్దే పని కూతురికి అప్పగించింది. పరీక్ష దగ్గర పడిందని ఈసారి మాస్టారే నోట్‌బుక్ మొత్తం పట్టుకురమ్మన్నాడు.

ఆయన నాలుగు పేజీలు తిప్పాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చూశాడు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఎవరు దిద్దారమ్మా ఇది?"

"మా పాప సార్. తప్పులు మస్తున్నయా?"

"మీ తప్పులు కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ ఇక్కడ చూడండి. మీరు 'ఫర్ త్రీ డేస్' అని సరిగ్గానే రాశారు. ఎర్ర పెన్ను దాన్ని 'ఫ్రమ్ త్రీ డేస్' చేసింది. మీరు 'హ్యాజ్ బీన్' అంటే మీ పాప 'ఈజ్' అంది. ఇక్కడి నుంచి మీరు కూడా అలాగే రాస్తున్నారు." ఆయన ఇంకో పేజీ తీసి వేలు పెట్టాడు. "ఇది మరీ ఘోరం. రోగికి పెన్సిలిన్ పడదని మీరు రాశారు. దాన్ని కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాసింది. ఈ ఉత్తరం నమ్ముకుని ఎవరైనా ఇంజెక్షన్ ఇస్తే?"

వాసంతి ఆ గీత వంక చూసింది. వంకర లేని గీత. స్కేలు పెట్టి మరీ గీసినట్టుంది. నాలుగేళ్ల క్రితం హరిణికే ఒక మాత్ర పడక ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పడని మందంటే ఏమిటో ఆ పిల్లకు తెలియకపోవడమేమిటి?

"తెలియక చేసుంటుందిలెండి, చిన్నపిల్ల," అన్నాడు మాస్టారు. ఆయనకే ఆ మాట మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

వాసంతి మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కి, సగంలో ఆగి, మళ్లీ దిగింది. డ్యూటీకి వెళ్లాలి. ఇంటికీ వెళ్లాలి. చివరికి ఆసుపత్రికి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పింది. రెండు నెలల క్రితం రెండోసారి పరీక్ష పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం తను ఏడుస్తుంటే హరిణి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పక్కనే కూర్చుంది.

సాయంత్రం స్కూలు నుంచి హరిణి వచ్చేసరికి నోట్‌బుక్ చాప మీద తెరిచి ఉంది.

"కూసో. గీ లైను ఎవరు కొట్టేసిండ్రు?"

హరిణి బ్యాగు దింపకుండానే చూసింది. "నేనే."

"తెల్వక కొట్టేసినవా?"

పిల్ల బ్యాగు దింపి కింద పెట్టింది. "తెలిసే."

"ఏంది? ఏమైంది?" అంటూ భాగ్యమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"నా ఉత్తరాలల్ల ఒప్పులన్నీ తప్పులు చేసింది అత్తమ్మా. నేను ఫెయిల్ కావాల్నని."

భాగ్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీ కోసం దేశం గాని దేశం పోతుంటే, కన్నతల్లికి ఇట్ల చేస్తవానే?"

"నా కోసం అనకు నానమ్మా." హరిణి నానమ్మ వైపు తిరిగింది. "నేను అడిగిన్నా? పొద్దున లేస్తే నువ్వు అంటవ్. దుకాణం బంద్ చేసి వచ్చి నాన్న అంటడు. కింద కిరాయికుండే ఆంటీ గూడ అంటది, మీ అమ్మ నీ కోసమే పోతుందట గదా అని. అక్కడ అమ్మకు జరమొస్తే నా వల్లనే. ఇక్కడ నీకు ఏమన్నైతే నా వల్లనే. నాకు మార్కులు తక్కువస్తే, అమ్మ పోయిందంతా వేస్ట్ అంటరు. ఇదంతా నేను ఎట్ల మొయ్యాలె?"

అప్పటికే వాసంతి చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. నెమ్మదిగా దించుకుని ఒళ్లో పెట్టుకుంది.

మూడేళ్ల క్రితం, ఆమె దగ్గర సూది వేయడం నేర్చుకున్న అమ్మాయి ఐర్లండు నుంచి వీడియో కాల్ చేసింది. వార్డు చూపించింది. ఇక్కడ రోగి గురించి డాక్టర్లు నన్ను అడిగి నిర్ణయం తీసుకుంటారక్కా అని చెప్పింది. ఆ రోజంతా వాసంతి కాలు ఒకచోట నిలవలేదు. తనకూ అలా నిలబడాలనిపించింది. కానీ పెళ్లయి, పిల్ల ఉన్న మనిషి, నాకు పోవాలనుంది అని ఎలా అంటుంది? అందుకే పిల్ల చదువు కోసం అంది. భర్త శ్రవణ్‌కుమార్ నమ్మాడు. అత్తగారు నమ్మింది. చెప్పి చెప్పి తనే నమ్మింది.

"నీ కోసం కాదు," అంది వాసంతి.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"నాకే పోవాలనుంది హరిణీ. నేను మంచి నర్సును. అక్కడ పని చేసి చూడాలనుంది. నువ్వు పుట్టకపోయినా పోదామనుకునేదాన్ని. నీకు దాంతోని మంచి జరిగితే సంతోషమే. కానీ ఆ బరువు నీది గాదు. సిగ్గుపడి నీ పేరు చెప్పిన. తప్పు నాది."

హరిణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నిజంగనే నా కోసం కాదా?"

"కాదు."

పిల్ల అక్కడే చాప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వాసంతి దగ్గరికి లాక్కుంటే రాలేదు. కాసేపటికి తనే వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది.

భాగ్యమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరి ఆ మాట ముందే చెప్తే అయిపోతుండె గద బిడ్డా," అంది. "ఎవరు కాదంటుండె?"

"రెండోసారి నా వల్లనే ఫెయిలైనవా?" అని అడిగింది హరిణి, తల ఎత్తకుండానే.

వాసంతికి కాదని చెప్పేయాలనిపించింది. కానీ ఆ రోజు ఇంకో అబద్ధం ఆడలేకపోయింది. "కొంత నీ వల్ల. కొంత నా వల్ల. పేషెంట్‌కు మందు పడదన్న సంగతి ఎవరు కొట్టేసినా నేను అడగాలె గద. నువ్వు కొట్టేసినవని ఊరుకున్న."

మర్నాడు ఉదయం వాసంతి కొత్త ఉత్తరం రాసింది. తుంటి ఎముక విరిగిన ఒక ముసలామె ఇంటికి వెళ్తోంది, ఆమెను చూసుకోబోయే నర్సుకు రాయాలి. ఆదివారం కావడంతో హరిణి ఇంట్లోనే ఉంది. వాసంతి నోట్‌బుక్ కూతురి ముందుకు జరిపింది.

"నేను దిద్దనమ్మా. సార్‌కు చూపించు."

"సార్‌కు గూడ చూపిస్త. ముందుగాల నువ్వు చూడు."

హరిణి పెన్ను మూత తియ్యలేదు. అలాగే చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం రెండేసిసార్లు చదివింది. మూడో పేరా దగ్గర ఆగి, పెన్ను ఆనించకుండా వేలితో చూపించింది.

"ఇది తప్పు అమ్మా."

వాసంతి వంగి చూసింది. తన కంటికి అది సరిగ్గానే ఉంది. "నిజంగనే తప్పా?" అని అడగబోయి, కూతురి మొహం చూసి ఊరుకుంది. హరిణి బుగ్గలు ఎర్రబడ్డాయి. లేచి, షెల్ఫులోంచి గ్రామరు పుస్తకం తీసి, ఆ పేజీ వెతికి తల్లి ముందు పెట్టింది.

వాసంతి పుస్తకం మూసేసి, ఎర్ర పెన్ను మూత తీసి కూతురి చేతికిచ్చింది.

"దిద్దు," అంది.